మావాడి పేరు మీద పద్నాలుగు కుక్కలు

మా కుక్కకు ఇంటిపేరు మందుల షాపులో వచ్చింది. షాపు కంప్యూటర్‌లో పేషెంటు పేరు పూర్తిగా నింపితే తప్ప బిల్లు బయటికి రాదట. పశువుల డాక్టరు రాసిన చీటీలో వాడి పేరు ఒక్కటే ఉంది. షాపాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని "ఇంటిపేరేందక్కా?" అన్నాడు. కుక్కకు ఇంటిపేరేమిటని నవ్వాను. "మీదే ఏస్త తియ్" అని టకటకా కొట్టేశాడు. ఆ బిల్లును చాలా రోజులు ఫ్రిజ్ తలుపుకు అతికించి ఉంచాను. ఇంట్లో ఉండేది నేనూ వాడూ, ఇంకో మనిషి లేరు. నా ఇంటిపేరుతో మరొకరున్నారని కాగితం మీద చూసుకోవడం బాగుండేది.

ఆ పేరు మాత్రం ఇక్కడ రాయను. ఇప్పటికే చాలామంది రాశారు.

వాడు నాకు బోరబండ రైల్వే స్టేషన్ దగ్గర దొరికాడు. నల్లటి వీధికుక్క పిల్ల, ఒక చెవి నిలబడి, ఒకటి వాలి. నేను పుట్టిన ఊరు ఇప్పుడు అద్దాల మేడల కింద ఉంది. అందులో ఒక మేడలోనే పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేస్తున్నాను. అంటే ఇతరులు చేసిన తప్పులు పట్టి జీతం తీసుకుంటాను. ఇల్లు మణికొండలో, ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు. వాడికి మూడో ఏడు నడుస్తుండగా ఒక ఉదయం వంటింటి గడప దగ్గర పక్కకు పడిపోయాడు. నాలుగు కాళ్లూ గాల్లో తన్నుకుంటున్నాయి, నోట్లోంచి నురగ, కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. అవి మూర్ఛలని అప్పటికి నాకు తెలియదు. చచ్చిపోతున్నాడనుకుని గట్టిగా ఏడ్చాను.

శేరిలింగంపల్లిలో ఒక పెద్ద డాక్టరు ఉన్నారు. సర్కారు పశువుల దవాఖానలో పనిచేసి రిటైరై, రెండు గదుల్లో సొంతంగా వైద్యం చేస్తారు. ఏసీ లేదు, కాఫీ మిషన్ లేదు, తిట్లు మాత్రం ధారాళంగా ఉంటాయి. వాడికి పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర రాశారు. మనుషుల మూర్ఛకూ అదే మందు. మత్తు ఉంటుంది కాబట్టి షాపువాళ్లు చీటీ లేనిదే ఇవ్వకూడదు, ఎవరికిచ్చారో రిజిస్టర్‌లో రాసుకోవాలి. ఒక్క పూట కూడా తప్పకూడదు, మనంతట మనం ఆపకూడదు, ఆరు నెలలకోసారి రక్తం తీసి కాలేయం ఎలా ఉందో చూడాలి. కుక్కను కళ్లారా చూడందే ఆయన కొత్త చీటీ రాయరు. ఆఫీసుకు సెలవు దొరకలేదు, ఈసారికి ఫోన్‌లో రాసివ్వండి అని ఒకసారి అడిగి తిట్లు తిన్నాను.

"గీ కాగితం నీది కాదు బిడ్డా, నీ కుక్కది" అన్నారు. "దాని బరువు సూసి, దాని రక్తం సూసి రాసిన. ఇంకో కుక్కకు ఇది మందు గాదు. యాదికుంచుకో."

పాతకాలం మనిషి, చాదస్తం అనుకున్నాను. కానీ చెప్పినట్టే చేశాను. ఏడాదీ రెండు నెలలు మావాడికి ఒక్క మూర్ఛ రాలేదు. వంటింటి క్యాలెండర్‌లో ఒక్కో రోజూ కొట్టేసుకుంటూ పోయాను. నా ఉద్యోగంలో కూడా అంత జాగ్రత్తగా ఏ పనీ చేయలేదు.

ఇక ఆమె సంగతి. మా పైన నాలుగో అంతస్తులో కిరాయికి ఉంటుంది. కాకినాడ వైపు మనిషి, నాకంటే ఐదారేళ్లు చిన్నది, ఆమెదీ సాఫ్ట్‌వేర్ కొలువే. నన్ను అక్కా అంటుంది. ఆమెకొక లాబ్రడార్ ఉంది, ఇంటి నుంచే పని చేసిన రోజుల్లో పెంచుకున్న ఆడకుక్క. నాలుగేళ్లు ప్రతి ఉదయం మేమిద్దరం, అవి రెండూ కలిసి నడిచాం. ఆదివారం చింతచిగురు రొయ్యలు వండితే నా గిన్నె ముందు కిందికి వచ్చేది. నాకు డెంగీ వచ్చి లేవలేనప్పుడు పది రోజులు మావాడికి రెండు పూటలా మాత్ర వేసింది ఆమే. నా ఇంటి రెండో తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. తోబుట్టువులు లేని లోటు నాకు ఆ నాలుగేళ్లలో తెలియలేదు, అది నిజం.

ఆఫీసులు మళ్లీ వచ్చి కూర్చోమన్నాయి. మనుషులు వెళ్లిపోయారు. పుట్టినప్పటి నుంచి ఇంట్లో ఎవరో ఒకరు ఉండగానే పెరిగిన కుక్కలు ఫ్లాట్లలో ఒంటరిగా మిగిలి పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఏడ్చాయి. ఒకటి మొదలుపెడితే మిగతావన్నీ అందుకునేవి. అసోసియేషన్ వాళ్లు లిఫ్ట్‌లో కాగితం అంటించారు. మూడుసార్లు ఫిర్యాదు వస్తే ఇంటి ఓనరుకు చెప్తారట, కిరాయిదారులైతే ఖాళీ చేయాలట. ఆమె కుక్క మీద అప్పటికే రెండు ఫిర్యాదులున్నాయి.

"మీవాడు అంత నెమ్మదిగా ఎలా ఉంటాడక్కా?" అని అడిగింది ఒకరోజు నడుస్తూ.

"వాడా? ఆ గోలీ మొదలుపెట్టినప్పుడు రెండు వారాలు ఎక్కడ పడితే అక్కడ తూగిండు" అన్నాను నవ్వుతూ. ఆ మాట నా నోటి నుంచే వెళ్లింది. తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో నాకే తెలుసు.

ఆ వారమే ఫోన్ చేసింది. "డాక్టరుగారి టైమింగ్స్ ఆ చీటీ మీద ఉంటాయి కదక్కా, ఒక ఫోటో పెట్టవా? మా దానికి దురద, చూపిస్తాను." నేను చేప ముక్కలకు పసుపు పట్టిస్తున్నాను. అదే చేత్తో చీటీ పట్టుకుని, ఫోటో తీసి పంపేశాను. కాగితం మూలన నా బొటనవేలు పసుపుగా అంటుకుంది. తుడిస్తే ఇంకా పరుచుకుంది. డాక్టరు చూస్తే ఏమంటారోనని భయపడ్డాను గానీ, ఆ ఫోటో ఎక్కడికి పోతుందోనని ఆలోచించలేదు.

తర్వాత ఆమె కుక్క అరవడం మానేసింది. అపార్ట్‌మెంట్‌లో చాలా కుక్కలు మానేశాయి. అలవాటు పడ్డాయి పాపం అనుకున్నాను. ఉదయం నడకలో లాబ్రడార్ వెనక కాళ్లు తడబడేవి, మెట్టు ఎక్కబోయి ఆగిపోయేది. కీళ్లు చూపించమని చెప్పాను. "వయసొస్తోందక్కా" అంది. దానికి ఐదేళ్లు. కీళ్లకు రాయమని నూనె సీసా కూడా కొనిచ్చాను. ఆమె థాంక్స్ చెప్పి తీసుకుంది. తప్పులు పట్టే నా కళ్లకు అది ఆనలేదు, ఎందుకంటే నేను ఆమె వైపు ఎప్పుడూ ఆ కళ్లతో చూడలేదు.

ఒక శుక్రవారం పొద్దున్నే మాత్రలకు షాపుకు వెళ్లాను. ఇంట్లో నాలుగే మిగిలాయి. ఎప్పుడూ వారం ముందే కొనేదాన్ని, ఆ నెల పనిలో పడి ఆలస్యం చేశాను. షాపాయన నన్ను చూసి కౌంటర్ మీది గుడ్డ తీసి పక్కన పెట్టాడు. ఎప్పుడూ అక్కా అనేవాడు మేడం అన్నాడు.

"మీ కుక్క నెలకు ఎన్ని గోలీలు మింగుతది మేడం?"

"అరవై. నీకు తెల్వదా?"

"మరి గిదేంది?" అని ఫోన్ నా ముందు పెట్టాడు.

వాట్సాప్‌లో మందులు కావాలని వచ్చిన చీటీల ఫోటోలు. ఒక్కొక్కటే పక్కకు జరిపి చూపించాడు. అదే డాక్టరు, అదే చేతిరాత, మావాడి పేరు. తేదీ మారింది, బరువు మారింది. పద్దెనిమిది కిలోలు ముప్పై రెండయ్యాయి, ఇంకోదాంట్లో తొమ్మిదయ్యాయి. ఎవరో కంప్యూటర్ బాగా తెలిసినవాళ్లే అంకెలు మార్చారు. ఒకదాని కింద ఫైలు పేరు కనిపిస్తోంది, చివర 'వీ5 ఫైనల్' అని. మా ఆఫీసుల్లో ఐదోసారి దిద్దిన కాగితానికి పెట్టే పేరు అది. అన్నిటి మూలనా ఒకటే పసుపు మరక, నా బొటనవేలు. ఆ ఫోటో నేను పంపింది ఒక్కరికే.

"పద్నాలుగు ఇండ్లు మేడం. కుక్క మాత్రం ఒకటే. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి రిజిస్టర్ సూసిండు, నాకు నోటీసిచ్చిండు. డాక్టర్ సాబ్‌ను గూడ ఆఫీసుకు పిలిచిండ్రు. తప్పు నాది గూడ ఉన్నది, అసలు కాగితం సూడకుండ ఫోటో సూసి పంపిన. ఇగ ఇయ్య." ఆగి, గొంతు తగ్గించాడు. "అమ్ముకుంటున్నరా మేడం?"

నాకు తల కొట్టేసినట్టయింది. పక్కన దగ్గు మందు కోసం నిలబడ్డ ఇద్దరు నా మొహమే చూస్తున్నారు. ఏమీ కొనకుండా బయటికి వచ్చేశాను.

రోడ్డు మీదే డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే విసుగు కూడా లేదు. "నా సంతకం మీద పద్నాలుగు కుక్కలను పండబెట్టిండ్రు బిడ్డా. నువ్వు అమ్ముకున్నవా?" అన్నారు. ఆయన కూడా అదే అడిగేసరికి ఒళ్లు మండిపోయింది. ఫోన్ కట్ చేశాను. కట్ చేయకపోయి ఉంటే, "ఈ గొడవల సోమవారం దాకా దవాఖాన తెరువ, నీ దగ్గర ఎన్ని గోలీలున్నయ్?" అని తరువాతి మాట అడిగేవారు. ఆ సంగతి ఆయనే చెప్పారు తర్వాత. నా కోపం ఖరీదు వాడు కట్టాడు.

నేరుగా నాలుగో అంతస్తుకు వెళ్లాను. ఆమె ఆఫీసుకు తయారై తలుపు తీసింది. హాల్లో లాబ్రడార్ బండ మీద పరుచుకుని పడి ఉంది. నేనొస్తే ఎగిరి మీద పడే కుక్క, ఆ రోజు కళ్లు తెరిచి చూసి మళ్లీ మూసుకుంది.

"కూర్చో అక్కా" అంది.

"కూసోను. నా కుక్క పేరు మీద పద్నాలుగు ఇండ్లకు గోలీలు ఎట్ల పోయినయ్?"

అబద్ధమాడుతుందనుకున్నాను. ఆడలేదు, అదే ఇంకా బాధపెట్టింది. "మా దానికి ఒక్కదానికే అనుకున్నానక్కా, ఒట్టు. ఆరో అంతస్తావిడ మీది ఎలా ఊరుకుందని అడిగింది. పంపాను. ఆవిడ ఇంకొకరికి పంపింది. తర్వాత నా చేతుల్లో లేదు. మూడో ఫిర్యాదు వస్తే నేనెక్కడికి పోను చెప్పు? కుక్క ఉందంటే ఎవరూ ఇల్లివ్వట్లేదు."

"నాకు చెప్తే అయితుండె గదా."

"నువ్వు తిడతావని..." అని ఫోన్ చూపించింది. నేను లేని గ్రూపు ఒకటి ఉంది వాళ్లకు. పేరు 'ప్రశాంతం'. రోజూ లిఫ్ట్‌లో నన్ను పలకరించేవాళ్లందరూ అందులో ఉన్నారు. ఎంత వేయాలి, తిండికి ముందా తర్వాతా, అని మాట్లాడుకున్నారు. ఒకరు 'వాళ్ల కుక్కకి పడింది కదా, మనవాటికేం కాదు' అని రాశారు. దాని కింద ఆమె బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టింది.

నాలుగే మాత్రలున్నాయని, షాపువాడు ఇవ్వనన్నాడని చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది. లోపలికి పరుగెత్తి ఒక చిన్న ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో విడి మాత్రలు. అట్ట లేదు, పేరు లేదు, గడువు తేదీ లేదు. షాపాయన ఆపేశాక గ్రూపులో ఒకరు చీటీ అడగని ఏదో ఆన్‌లైన్ దుకాణం నుంచి తెప్పించారట. "అదే మాత్ర అక్కా, తీసుకో."

నా చెయ్యి ముందుకు పోయింది. దాచుకోవడం ఎందుకు, పోయింది. ఒకటి అరచేతిలో వేసుకుని చూశాను. మావాడి మాత్రకు నడుమ గీత ఉంటుంది, సగానికి విరవడానికి. దీనికి లేదు. ఎంత బలమైనదో, అసలు ఆ మందేనో చెప్పేవాళ్లు లేరు. తిరిగి కవర్లో వేసి, నా తాళంచెవి ఇమ్మన్నాను. ఇచ్చింది. ఆమె ఏడుస్తోంది. నేను మాత్రం మెట్లు దిగేదాకా ఏడవలేదు.

ఆ రోజే మణికొండలోని పెద్ద పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లాను. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. ఆ డాక్టరు చీటీల గురించి హెచ్చరిక వచ్చింది, కొత్తగా రక్తపరీక్ష చేసి, సోమవారం మధ్యాహ్నం రిపోర్టు చూశాకే ఆ మాత్ర రాస్తామన్నారు. వాళ్లను తప్పుపట్టలేను. రెండు రోజులు నాలుగు మాత్రలు లెక్కగా వేశాను. ఆదివారం సాయంత్రం వేయడానికి లేదు. గంటకోసారి వాడి మొహం చూస్తూ కూర్చున్నాను. వాడు బంతి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

సోమవారం ఉదయం ఏడింటికి పాలు పొయ్యి మీద పెట్టి వెనక్కి తిరిగేసరికి, అదే గడప దగ్గర, అదే పక్కకు పడ్డాడు. గోడ గడియారం చూశాను. మూడు నిమిషాలు. ఆగాక లేచి గోడకు గుద్దుకున్నాడు. నేను దగ్గరికి పోతే పళ్లు చూపించాడు. నన్ను గుర్తుపట్టలేదు. ఏడాదీ రెండు నెలల గీతలు క్యాలెండర్ మీద నన్ను వెక్కిరిస్తున్నట్టే ఉన్నాయి. ఐదు నిమిషాలకు మళ్లీ పడ్డాడు. నేను అరిచిన అరుపు పైకి వినిపించి ఉంటుంది, ఆమె చెప్పులు లేకుండా దిగి వచ్చింది. వద్దనే ఓపిక నాకు లేదు. దుప్పటిలో పెట్టి చెరోవైపు పట్టుకుని కారు దాకా మోశాం. ఆమె పట్టకపోతే ఒక్కదాన్నే మోయలేకపోయేదాన్ని, ఆ మాట కూడా రాయాలి.

వాడి జబ్బు మొదటి నుంచీ తెలిసిన శేరిలింగంపల్లి డాక్టరు దగ్గరికే బయల్దేరాను. దారిలో ఆమె వెనక సీట్లో వాడి తల ఒళ్లో పెట్టుకుని అంది. "అక్కా, డాక్టరుగారు అడిగితే నీ ఫోన్ పోయిందని చెప్పవా? ఎవరి చేతిలో పడిందో తెలియదని. నా పేరు బయటికొస్తే ఇల్లు పోతుంది."

నేను బండి నడుపుతున్నాను. గేరు మార్చి వేగం పెంచాను.

డాక్టరు తలుపు తాళం తీస్తూనే వాడిని చూశారు. తిట్టలేదు. ఇంజెక్షన్ ఇచ్చి, వాడు ఊపిరి తేలికగా తీసుకునేదాకా అక్కడే నిలబడి, తన బీరువాలోంచి మూడు రోజుల మాత్రలు తీసి ఇచ్చారు. "నాలుగే ఉన్నయని ఒక్క మాట చెప్తే ఇంటి నుంచే ఇద్దును గదా" అన్నారు. తర్వాత ఒక తెల్లకాగితం, పెన్ను నా ముందు పెట్టారు.

"చీటీ ఎవరికిచ్చినవో రాసియ్యి బిడ్డా. నేను ఆఫీసుల చూపియ్యాలె. లేకుంటే నువ్వే పంచినట్టయితది. అప్పుడు ఈ మందు నేను నీ కుక్కకు మళ్ల రాయలేను."

కిటికీలోంచి కారు కనిపిస్తోంది. ఆమె బయట నిలబడి మావాడి పట్టీని చేతికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. నాలుగేళ్ల ఉదయాలు గుర్తొచ్చాయి. డెంగీ రోజుల్లో రెండు పూటలా మా తలుపు తెరుచుకున్న చప్పుడు గుర్తొచ్చింది. నూనె సీసా తీసుకుని థాంక్స్ చెప్పిన మొహం కూడా గుర్తొచ్చింది. ఫోన్ పోయిందని రాస్తే ఆమె ఇల్లు నిలబడుతుంది, రాయకపోతే వాడు నిలబడతాడు. బల్ల మీద వాడి నాలుక పక్కకు వేలాడుతోంది. పేరు రాశాను. ఇంటిపేరుతో సహా, ఫ్లాట్ నంబరుతో సహా, తేదీ వేసి సంతకం పెట్టాను.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్ విచారణకు అపార్ట్‌మెంట్‌కు వచ్చి వెళ్లాక, ఇల్లు ఖాళీ చేయమని ఓనరు ఆమెకు నెల గడువిచ్చాడు. లాబ్రడార్‌ను మా డాక్టరు దగ్గరికే తీసుకెళ్లిందట. ఒక్కసారిగా ఆపితే ప్రమాదమని, ఆయన కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించారట. మధ్యాహ్నాలు అది మళ్లీ ఏడుస్తోంది. ఆ ఏడుపు వింటే ఇప్పుడు నాకు విసుగు రాదు. నన్నిప్పుడు లిఫ్ట్‌లో ఎవరూ పలకరించరు. 'ప్రశాంతం' గ్రూపులో నా గురించి ఏం రాసుకుంటున్నారో ఊహించుకోగలను.

ఆమె ఇల్లు ఖాళీ చేసే ముందు రోజు ఉదయం, రెండో అంతస్తులో లిఫ్ట్ తలుపు తెరుచుకుంటే లోపల ఆమె, లాబ్రడార్. వెనక్కి తిరిగేలోపే మావాడు నన్ను లాక్కుని లోపలికి దూరాడు. ఒళ్లంతా ఊపుతూ ఆమె మోకాళ్ల మీదికి ఎగిరాడు. ఆమె నన్ను చూడకుండా వంగి వాడి వాలిన చెవి పట్టుకుంది.

"మీ అమ్మ నా పేరు రాసిచ్చేసిందిరా" అంది.

"వాడి పేరు నువ్వు పద్నాలుగు ఇండ్లకు రాసిచ్చినవ్" అన్నాను.

లిఫ్ట్ కిందికి దిగింది. వాడు ఆమె చేయి నాకుతూనే ఉన్నాడు. తలుపు తెరుచుకున్నాక ఆమె గేటు వైపు నడిచింది, వాడు అటే లాగాడు. పట్టీ రెండు చేతులతో పట్టుకుని నేను ఇటు లాగాను.